తుపాకి మందు.. తూటా.. చట్టం: పంట కాపలా రైతు తెలుసుకోవలసినవి

అనంతపురం: వేరుశనగ ఊడలు దిగి కాయ గట్టిపడే దశకు వచ్చిందంటే జిల్లా రైతుకు రాత్రిళ్లు కంటిమీద కునుకు ఉండదు. ఏడాది సగటు వర్షపాతం దాదాపు 550 మిల్లీమీటర్లు మాత్రమే గల ఈ కరవు సీమలో వాన కరుణించి నాలుగు కాయలు చేతికొచ్చే వేళ అడవి పందులు చేలపై పడతాయి. ఒక గుంపు ఒక్క రాత్రిలో ఎకరా నేలను దున్నినట్టు తిరగవేసి పోతుంది. కొండల అంచున ఉన్న గ్రామాల్లో మంచెలు, డబ్బా మోతలు, పాత చీరల కంచెలు, టపాసులు అన్నీ అయిపోయాక రైతు చూపు తుపాకి మీదికి మళ్లుతుంది. తాతల నాటి లైసెన్సు తుపాకి ఇంట్లో ఉన్నవారు కొందరు. లేనివారు లైసెన్సు కోసం అడిగేవారు కొందరు. ఈ రెండు తెగల వారి మధ్య తరచుగా వినిపించే మాట ఒకటుంది. ‘మందు మనమే దట్టించుకునే తుపాకి ఉన్నప్పుడు, తూటా కూడా మనమే ఇంట్లో నింపుకుంటే తప్పేముంది?’ అన్నదే ఆ మాట.

తప్పేముందో చెప్పాలంటే ముందు మందు అంటే ఏమిటో, తూటా అంటే ఏమిటో, రెంటికీ చట్టం గీసిన గీత ఎక్కడుందో తెలియాలి. ఆ గీత దాటితే పడే శిక్ష ఈ రోజున ఏడేళ్లకు తక్కువ కాదు.

పెట్లుప్పు, గంధకం, బొగ్గు

ఆంగ్లేయులు ‘నల్లపొడి’ అనే అర్థంలో పిలిచే పదార్థమే మన తుపాకి మందు. దీన్ని ‘నల్లమందు’ అని అనువదించరాదు. తెలుగులో నల్లమందు అంటే అభిని. ఈ పొరపాటు అనువాదాల్లో అప్పుడప్పుడు కనబడి నవ్వు తెప్పిస్తుంటుంది. 19వ శతాబ్దం చివరి వరకు దీనికి ప్రత్యేకమైన పేరు అవసరం రాలేదు. పొగ రాని కొత్త మందు వచ్చిన తరువాతనే, దాని నుంచి వేరు చేసేందుకు పాతదానికి రంగును బట్టి పేరు పెట్టారు.

అందులో ఉండేవి మూడే. పెట్లుప్పు, గంధకం, కట్టెబొగ్గు. బొగ్గు మండే సరుకు. పెట్లుప్పు, అనగా సూరేకారం, ఆ మంటకు కావలసిన ప్రాణవాయువును తనలోనే దాచుకుని అందిస్తుంది. అందువల్లనే మూసిన గొట్టంలో సైతం, బయటి గాలి లేకున్నా, మందు మండగలదు. గంధకం తక్కువ వేడికే మంట అంటుకునేలా చేస్తుంది. ఆరుబయట పోసి నిప్పు తగిలిస్తే భుగ్గున మండి ఆరిపోయే ఈ పొడి, మూసిన చోట మండితే వాయువులకు దారి లేక ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి గుండును తోస్తే తుపాకి. గోడను పగలగొడితే బాంబు. పదార్థం మారదు, దానిని బంధించిన తీరు మారుతుంది.

ఈ మందు మండిన తరువాత సగానికి పైగా బరువు వాయువుగా మారదు. ఉప్పులుగా, మసిగా మిగులుతుంది. కాల్చిన వెంటనే కమ్ముకునే తెల్లని పొగ, గొట్టంలో పేరుకునే జిగట కీటు, కుళ్లిన గుడ్డు వంటి వాసన.. అన్నీ దీని చలవే. ఆ కీటు గాలిలోని తేమను పీల్చి ఇనుమును తినేస్తుంది. పాతకాలపు వేటగాళ్లు తుపాకిని పేల్చిన నాడే వేడినీళ్లతో కడిగి నూనె రాయడం చాదస్తం కాదు. మరునాటికి వాయిదా వేసిన తుపాకి లోపలి నుంచి తుప్పు పట్టి పలుచనవుతుంది. మన జిల్లాలో పొడి గాలి కాబట్టి ఫరవాలేదనుకునే వారున్నారు. తుప్పుకు పొగమంచు రాత్రి ఒక్కటి చాలు.

మాటల్లో మిగిలిన చరిత్ర

‘తుపాకి’ మాట తురుష్క భాష నుంచి దేశమంతటా పాకింది. ‘తూటా’ మాటకు ఇరుగుపొరుగు భాషల్లోనూ దగ్గరి రూపాలున్నాయి. రాయలసీమలో తూటా అంటే రెండర్థాలు. తుపాకిలో పెట్టేది ఒకటి, బావి తవ్వేటప్పుడు బండకు రంధ్రం వేసి పేల్చేది మరొకటి. నీటి కోసం బండను చీల్చిన ఊళ్లలో రెండో అర్థమే ముందు గుర్తుకు రావడంలో ఆశ్చర్యం లేదు. ‘మందు దట్టించడం’ అన్న పలుకుబడి మాత్రం పూర్తిగా మూతి తుపాకి కాలం నాటిది. గొట్టం మూతి నుంచి మందు పోసి, పీలిక పెట్టి, గజపు కడ్డీతో దట్టించి, రవ్వలు వేసి మళ్లీ దట్టించేవారు. నింపుతారు కాబట్టి హిందీ ప్రభావం గల తెలంగాణలో దీనినే బర్మారు తుపాకి అన్నారు.

ఈ సీమకు మందుగుండు కొత్త కాదు. 1520లో రాయచూరు కోట ముట్టడిలో శ్రీకృష్ణదేవరాయల పక్షాన పోర్చుగీసు తుపాకిగాళ్లు పోరాడినట్లు న్యూనిజ్ రాసిన వృత్తాంతం చెబుతున్నది. 1565లో రక్కసి తంగడి యుద్ధం తరువాత విజయనగర పాలకులు పెనుకొండకు తరలి వచ్చారు. గుత్తి కోటను మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే నుంచి హైదరాలీ దీర్ఘ ముట్టడి అనంతరం 1776లో వశపరచుకున్నాడు. కోటపై నేటికీ నిలిచి ఉన్న కట్టడాలలో ఒకటి మందుగుండు కొట్టు అని చెబుతారు. మనుషులు నివసించే ఇళ్లకు దూరంగా, మందపాటి గోడలతో మందును విడిగా భద్రపరచాలన్న జ్ఞానం ఆ రోజుల్లోనే ఉన్నదన్నమాట. నేడు పడకగది అటక మీద డబ్బాలో మందు దాచేవారు ఒకసారి గుత్తి కొండ ఎక్కి రావడం మంచిది.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి దత్తం చేశాడు. దత్త మండలాలకు తొలి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేశాడు. పాళెగాళ్ల చేతిలోని సాయుధ బలగాలను అణచడం ఆయన తొలి పనుల్లో ఒకటి. ఆయుధం ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్నకు ప్రభుత్వమే జవాబు చెప్పే కాలం ఆ విధంగా మొదలైంది. 1878 నాటి ఆయుధ చట్టంతో లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడం దేశమంతటా నేరమైంది. స్వాతంత్ర్యానంతరం 1959లో కొత్త చట్టం వచ్చి 1962లో అమలులోకి వచ్చింది. సవరణలతో నేటికీ అదే ఆధారం.

పొడి మందు నుంచి తూటాకు

తొలి తూటా కాగితపు పొట్లం. ఒక కాల్పుకు సరిపడే మందు, గుండు అందులో చుట్టి ఉండేవి. సిపాయి పొట్లం కొసను పంటితో చించి మందును గొట్టంలో పోసేవాడు. ఆ కాగితానికి పూసిన కొవ్వు మీద రేగిన అనుమానమే 1857లో ఏమి చేసిందో పాఠశాల పుస్తకాలలో చదువుకున్నదే.

తరువాత లోహపు తొడుగు వచ్చింది. ఇందులో నాలుగు భాగాలు. ఇత్తడి గొట్టం, దాని అడుగున దెబ్బ తగిలితే నిప్పు రాల్చే చిన్న క్యాపు, మధ్యలో మందు, మూతిలో బిగించిన గుండు. తుపాకిని వెనుక నుంచి తెరిచి దీన్ని పెట్టడమే పని. 1860వ దశకంలో బ్రిటిషు సైన్యం స్నైడర్ తుపాకిని, 1871లో మార్టిని-హెన్రీని చేపట్టింది. రెండింటి తూటాలలోనూ ఉన్నది పాత మందే. 1888లో వచ్చిన 303 రైఫిలు సైతం తొలి ఏళ్లలో పాత మందుతోనే పేలింది. అంతకు నాలుగేళ్ల ముందే, 1884లో, ఫ్రాన్సుకు చెందిన పాల్ వియే పత్తి, నత్రికామ్లాల సంయోగం నుంచి పొగ రాని మందును రూపొందించాడు. పాత మందు కంటే దాని శక్తి ఎన్నో రెట్లు. 303కు ఆ జాతికే చెందిన కార్డైట్ వచ్చి చేరింది. దీన్ని తయారు చేసేందుకు నీలగిరులలోని అరువంకాడులో ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో కర్మాగారం వెలసింది.

తూటా తుపాకి చేతికొచ్చినా తూటా లేకపోతే అది ఇనుప కర్రతో సమానం. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు అనుచరులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా మూడు రోజులు దాడి చేసి 26 తుపాకులతో పాటు రెండు వేలకు పైగా తూటాలను పట్టుకుపోయారు. మన్యంలో మూతి తుపాకులు, వాటికి మందు చేసుకునే నేర్పు లేక కాదు. పోలీసు తుపాకికి కావలసిన తూటా అడవిలో తయారయ్యే వస్తువు కాదు గనుక.

విదేశాల్లో వినోదం

అమెరికాలో తూటాలను ఇంట్లో నింపుకోవడం చట్టబద్ధమైన వ్యాపకం. పాత రైఫిళ్లంటే మక్కువ గలవారు కాల్చిన ఇత్తడి తొడుగులను శుభ్రపరచి, కొత్త క్యాపు, మందు, గుండు అమర్చుకుంటారు. వారికి ప్రీతిపాత్రమైన ‘45-70’ తూటా 1873లో అమెరికా సైన్యం కోసం పుట్టింది. మొదటి అంకె గుండు వ్యాసాన్ని, రెండోది అప్పటి పాత మందు తూకాన్ని తెలుపుతుంది. తూకమే పేరైపోయిందంటే ఆ కాలంలో మందు తప్ప మరో మాట లేదని తెలుస్తూనే ఉంది.

అక్కడ కూడా పాత మందును నిల్వ చేయడం, రవాణా చేయడం కష్టసాధ్యం. చిన్న నిప్పురవ్వకే అంటుకునే గుణం దానికి శాపం. అందుకే ప్రత్యామ్నాయాలు వచ్చాయి. వీటిలో పేరు పొందిన ‘పైరోడెక్స్’ 1970వ దశకం మధ్యలో విపణిలోకి వచ్చింది. దానిని రూపొందించిన డాన్ పావ్లాక్ 1977లో తన కర్మాగారంలో జరిగిన ప్రమాదంలోనే మరణించాడు. పాత మందు కంటే సురక్షితమైనదిగా కనుగొన్న సరుకును తయారు చేస్తూ, దాని గుణాలన్నీ తెలిసిన మనిషే, అన్ని వసతులున్న చోట ప్రాణం కోల్పోయాడు. వంటింటి గట్టు మీద ప్రయోగాలు చేయదలచిన వారికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

ఈ ప్రత్యామ్నాయాలు పాత మందు కంటే తేలిక. కాబట్టి వాటిని తూకంతో గాక కొలపాత్రతో కొలుస్తారు. అదే అలవాటుతో పొగ రాని మందును కొలపాత్రతో పోసి పాత తుపాకిని పేల్చినవారి చేతుల్లో గొట్టాలు పగిలిన సందర్భాలు ఆ దేశాల్లో ఎన్నో. పాత మందు కోసం చేసిన గొట్టం పొగ రాని మందు ఒత్తిడిని తట్టుకోదు. పొగ రాని మందు పాత మందుకు ప్రత్యామ్నాయం కాదన్నది అక్కడ ప్రతి డబ్బా మీదా అచ్చయ్యే హెచ్చరిక.

ప్రమాదం ఎక్కడ పొంచి ఉంది?

మన పల్లెల్లో ప్రత్యామ్నాయం అంటే విదేశీ డబ్బా కాదు. దీపావళి టపాసులో నుంచి తీసినదో, క్వారీ నుంచి ఎవరో తెచ్చినదో, సంతలో పొట్లం కట్టి ఇచ్చినదో అవుతుంది. అసలు ముప్పు ఇక్కడే. చూపుకు అన్నీ పొడులే. నల్లనివి, బూడిద రంగువి. కాని గుణంలో నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా.

తుపాకి మందు ‘తోసే’ మందు. మండే వేగం పరిమితం. గుండు కదలి ముందుకు పోయేకొద్దీ వాయువులకు చోటు పెరుగుతుంది. ఈ లెక్క మీదనే గొట్టం మందం నిర్ణయమవుతుంది. గ్రానైటు క్వారీల్లో పెద్ద దిమ్మెలు చెక్కుచెదరకుండా విడదీసేందుకు పాత మందును వాడటానికీ ఇదే కారణం. అది రాయిని నుజ్జు చేయదు, నెట్టి విడదీస్తుంది. టపాసుల మందు మాటే వేరు. అది మోత కోసం, మెరుపు కోసం కలిపినది. గుండు కదిలే వ్యవధి కూడా ఇవ్వకుండా ఒక్కసారిగా చెలరేగుతుంది. దానిని తుపాకిలో పోస్తే గుండు ముందుకు పోయేలోగా గొట్టం వెనుక భాగం కాల్చేవాడి ముఖం మీదికి వస్తుంది. కంటిచూపు, బొటనవేలు, మణికట్టు.. పోయేవి ఇవే.

క్లోరేటు, గంధకం కలిసిన మిశ్రమాల సంగతి మరీ ఘోరం. నిప్పు అక్కరలేదు, ఒరిపిడి చాలు. వీటి తయారీని, నిల్వను, అమ్మకాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. బాణసంచా కర్మాగారానికే అనుమతి లేని సరుకు రైతు ఇంట్లో ఉండటానికి ఏ కారణమూ చెల్లదు. ఈ సీమ కక్షల కాలంలో నాటు బాంబులు చుడుతూ చేతులు పోగొట్టుకున్నవారిని చూసిన తరం ఇంకా ఉంది. వారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

మందు సరైనదే అనుకున్నా నింపే పని నిరపాయం కాదు. క్యాపులో ఉండేది దెబ్బకు పేలే పదార్థం. దాన్ని బిగించేటప్పుడు పట్టు తప్పితే చేతిలోనే పేలుతుంది. పక్కన మందు డబ్బా తెరిచి ఉంటే జరిగేది ఊహించుకోవచ్చు. పాత మందుతో మరొక చిక్కు కూడా ఉంది. మందుకూ గుండుకూ మధ్య ఖాళీ మిగిలితే ఒత్తిడి ఒకేచోట గుమిగూడి గొట్టం ఉబ్బుతుంది లేదా పగులుతుంది. మూతి తుపాకిలో గుండు పూర్తిగా దిగకపోయినా ఇదే ఫలితం. కనుక గొట్టంలో ఇదివరకే మందు ఉన్నదో లేదో తెలియని తుపాకిని, తాతగారు దట్టించి గోడకు తగిలించిన తుపాకిని, ఎవరూ తాకకూడదు. మందు నలభై ఏళ్లయినా చెడదు. పొడిగా ఉంటే నేటికీ పేలుతుంది.

ఇక మంట. చిన్న నిప్పురవ్వ, బీడీ, ఇనుముకు ఇనుము తగిలిన రాపిడి, ప్లాస్టిక్ సంచిలో పుట్టే స్థిర విద్యుత్తు.. దేనికైనా పాత మందు అంటుకోగలదు. వేసవిలో పొడిబారిన మన గాలి ఈ చివరిదానికి అనువైనది.

చట్టం ఏమంటోంది?

ఆయుధ చట్టంలో ‘మందుగుండు’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చాలామంది అనుకునే దానికంటే విశాలం. తయారైన తూటా ఒక్కటే కాదు. తుపాకిలో వేసే మందు, దాని ఉపకరణాలు, తూటాలు తయారు చేసే యంత్రాలు, వాటి భాగాలు కూడా ఆ నిర్వచనంలోకే వస్తాయి. కాబట్టి ‘తూటా ఇంకా నింపలేదు, సామాను మాత్రమే ఉంది’ అన్న వాదన నిలవదు.

చట్టంలోని 3వ సెక్షను ప్రకారం తుపాకి, మందుగుండు కలిగి ఉండాలంటే లైసెన్సు ఉండాలి. 5వ సెక్షను ప్రకారం వాటిని తయారు చేయడానికి, అమ్మడానికి, మరమ్మతు చేయడానికి వేరే లైసెన్సు కావాలి. ఉంచుకునే లైసెన్సు తయారీకి చెల్లదు. రైతులు పొరబడేది ఇక్కడే. మూతి తుపాకి లైసెన్సు ఉన్నవారు అనుమతించిన మేరకు మందు కొని, కాల్చే సమయంలో గొట్టంలో దట్టించుకోవడం ఆ ఆయుధం వాడే పద్ధతి. ఆ మందునే తెచ్చి ఇత్తడి తొడుగుల్లో నింపి తూటాలు చేయడం తయారీ కిందికి వస్తుంది. మందును స్వయంగా కలపడం అంతకంటే పెద్ద తప్పు. దానికి 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నాటి నిబంధనలు కూడా వర్తిస్తాయి. ఈ నిబంధనల్లో తుపాకి మందు మొదటి తరగతి పేలుడు పదార్థం. పేలుడు ద్వారా ఫలితం రాబట్టేందుకు వాడే ఏ పదార్థమైనా పేలుడు పదార్థమేనని చట్టం చెబుతున్నందున, పేరు మార్చిన ప్రత్యామ్నాయానికి మినహాయింపు దొరకదు.

2019లో పార్లమెంటు చేసిన సవరణతో శిక్షలు పెరిగాయి. లైసెన్సు లేకుండా ఆయుధాలు, మందుగుండు తయారు చేస్తే కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవ కారాగారం, ఆపై జరిమానా. లైసెన్సు లేకుండా కలిగి ఉంటే రెండేళ్ల నుంచి అయిదేళ్లు. పెళ్లి ఊరేగింపుల్లో, జాతరల్లో సంబరానికి నిర్లక్ష్యంగా పేల్చి ఇతరులకు అపాయం కలిగిస్తే రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. లైసెన్సు ఉన్నవారికీ ఈ చివరిది వర్తిస్తుంది. అనుమానాస్పద పరిస్థితుల్లో పేలుడు పదార్థాలు దొరికితే 1908 నాటి చట్టం కూడా తోడవుతుంది.

కర్ణాటకలోని కొడగులో తుపాకికి లైసెన్సే అక్కరలేదట గదా అని సరిహద్దు మండలాల వారు అడుగుతుంటారు. కొడవ జాతివారికి, జమ్మా భూముల హక్కుదారులకు బ్రిటిషు కాలం నుంచి మినహాయింపు ఉన్న మాట నిజం. 2019లో కేంద్రం దాన్ని మరో పదేళ్లు పొడిగించింది. అది వారికి మాత్రమే, తుపాకి కలిగి ఉండటానికి మాత్రమే. మడకశిర రైతుకు గాని, రాయదుర్గం రైతుకు గాని అందులో భాగం లేదు.

పంట రక్షణ లైసెన్సు

రైతుకు చట్టం పూర్తిగా తలుపు మూసిందా అంటే లేదు. 13వ సెక్షనులోనే పంట రక్షణకు మూతి నుంచి దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వాలని ఉంది. ఆ తుపాకి చాలదని అధికారి భావిస్తే లోపల గాడులు లేని నున్నని గొట్టపు తుపాకికి అనుమతించవచ్చు. గాడులున్న రైఫిలుకు పంట రక్షణ పేరుతో ఈ సెక్షను దారి చూపదు.

దరఖాస్తు చేసుకోవలసింది జిల్లా మేజిస్ట్రేటుకు, అనగా కలెక్టరుకు. 2022 ఏప్రిల్‌లో జిల్లా విభజన జరిగినందున పెనుకొండ, ధర్మవరం, కదిరి, హిందూపురం, మడకశిర ప్రాంతాల వారు పుట్టపర్తి కేంద్రంగా ఉన్న శ్రీ సత్యసాయి జిల్లా కలెక్టరును ఆశ్రయించాలి. వయసు 21 నిండాలి. పోలీసు విచారణ నివేదిక తప్పనిసరి. 2016 నాటి ఆయుధ నిబంధనలు వచ్చాక ఆయుధాన్ని భద్రంగా వాడటంలో శిక్షణ పొందినట్లు ధ్రువపత్రం కూడా అడుగుతున్నారు. ప్రతి లైసెన్సుకు జాతీయ జాబితాలో ప్రత్యేక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య లేని పాత పుస్తకం చెల్లదు. లైసెన్సు గడువు లోగడ మూడేళ్లు కాగా 2019 సవరణతో అయిదేళ్లయింది.

లైసెన్సు పుస్తకంలో రైతు ముందుగా చూడవలసినవి రెండు. ఒకసారికి ఎంత మందుగుండు ఉంచుకోవచ్చు, ఏడాదికి ఎంత కొనవచ్చు అన్నది ఒకటి. ఏ ప్రాంతం వరకు చెల్లుతుంది అన్నది రెండోది. తూటా తుపాకి ఉన్నవారు లైసెన్సు గల దుకాణంలోనే పుస్తకం చూపి కొనాలి. పుణె సమీపంలోని ఖడ్కీ కర్మాగారం చేసే 12 బోరు ‘శక్తిమాన్’ తూటాలు దేశమంతటా తెలిసినవే. కొన్న ప్రతి తూటా పుస్తకంలో నమోదవుతుంది. ధర ఎక్కువ, దుకాణం దూరం అన్నవి రైతుల ఫిర్యాదులు. వీటిలో న్యాయం లేకపోలేదు. ఒక తూటా కోసం ఒక రోజు కూలి, బస్సు చార్జీ పోగొట్టుకునే వాడికి ఇంట్లో నింపుకోవాలన్న ఆలోచన పుట్టడం సహజమే. ఆ సమస్యకు పరిష్కారం కలెక్టరు కార్యాలయంలో అడగవలసిందే గాని అటక మీద వెతకవలసింది కాదు.

తుపాకి ఉన్నా కాల్చవచ్చా?

తుపాకి లైసెన్సు వేట లైసెన్సు కాదు. ఈ ఒక్క ముక్క తెలియక కేసుల్లో ఇరుక్కున్నవారు తక్కువ కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పంది కూడా రక్షిత జంతువే. 2022 సవరణ తరువాత అది రెండో షెడ్యూలులో ఉంది. నిలబడి ఉన్న పంటకు ప్రమాదకరంగా మారిందని రాతపూర్వకంగా కారణాలు చూపి, అటవీ శాఖలో అధికారం గలవారు అనుమతి ఇస్తేనే చంపడానికి వీలుంది. అంతవరకు తుపాకి బెదిరింపు మోతకే. ఉరవకొండ, వజ్రకరూరు, విడపనకల్లు వైపు నల్లరేగడి చేలను మేసే కృష్ణ జింకల మాట చెప్పనే అక్కరలేదు. అవి మొదటి షెడ్యూలు జంతువులు. మొలకలు తినేసిన మందను చూసి రైతు గుండె మండటం అర్థం చేసుకోదగినదే. అయినా ఒక్క జింక పడితే పోయేది పంట ఒక్కటే కాదు. అక్కడి రైతులకు మిగిలిన దారి అటవీ శాఖకు నష్ట పరిహారం దరఖాస్తు. అది వచ్చే తీరు మీద వారికి ఉన్న అసంతృప్తి వేరే కథనానికి సరిపడేంత.

తిండిలో మందు చుట్టి పొలం గట్లపై పెట్టే దుర్మార్గపు పద్ధతి గురించి కూడా ఒక మాట. అది పందికని పెట్టినా మొదట నోరు పెట్టేది ఊరి ఆవు, మేక, కుక్క. పిల్లలు బంతి అనుకుని చేతిలోకి తీసుకునే ప్రమాదమూ ఉంది. 2020 మే నెలలో కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో గర్భంతో ఉన్న ఏనుగు ఇటువంటి మందు కొరికి నోరు ఛిద్రమై నీళ్లలో నిలబడి ప్రాణాలు విడిచింది. అలా పెట్టడం వన్యప్రాణి చట్టంతో పాటు పేలుడు పదార్థాల చట్టాల కిందా నేరమే.

ఇంట్లో పాత తుపాకి ఉంటే..

లైసెన్సుదారు కాలం చేసిన తరువాత తుపాకి వారసులకు దానంతట అది చెందదు. ఆలస్యం లేకుండా సమీప పోలీసు ఠాణాలో గాని, లైసెన్సు గల దుకాణంలో గాని అప్పగించి రసీదు తీసుకోవాలి. కావాలనుకుంటే వారసుల్లో అర్హుడు తన పేర లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. గడువు తీరిన లైసెన్సుకూ ఇదే పద్ధతి. తుప్పు పట్టింది గదా, పేలదు గదా అని ఊరుకోరాదు. మరమ్మతు చేసినా పేలే అవకాశం లేని పాతబడిన ఆయుధానికే చట్టం మినహాయింపు ఇస్తున్నది. అది పేలుతుందో లేదో తేల్చేది ఇంటి యజమాని కాదు.

తుపాకిని ఠాణాకు తీసుకుపోయే ముందు గొట్టంలో మందు ఉందన్న అనుమానం ఏ కొంచెం ఉన్నా కదిలించకుండా ఫోను చేసి పోలీసులనే పిలవాలి. కడ్డీతో పొడిచి చూడటం, నిప్పుల దగ్గర ఆరబెట్టడం, విప్పే ప్రయత్నం చేయడం కూడదు. పాత మందు డబ్బాలు, క్యాపులు దొరికితే చెత్తలోనో, బావిలోనో పారవేయక వాటి సంగతి కూడా ఠాణాలో చెప్పాలి. ఎన్నికల వేళ అధికారులు కోరినప్పుడు అప్పగించిన ఆయుధాలను ప్రక్రియ ముగిసిన తరువాత రసీదు చూపి తిరిగి తీసుకోవచ్చు. ఆ రసీదును లైసెన్సు పుస్తకంతో కలిపి ఉంచుకోవాలి.